మిరప చేను మట్టి నుంచి చైమ్ 2 దాకా: మీ 16ఎస్ డేటాను మీరే విశ్లేషించుకోండి

గుంటూరులో పీజీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. వేసవి దగ్గరపడుతుంటే ప్రాజెక్టు పిల్లలు హార్డ్ డిస్కులు పట్టుకుని వస్తారు. మట్టి తెచ్చి, డీఎన్‌ఏ తీసి, ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బుతో సీక్వెన్సింగ్ చేయించుకుని ఉంటారు. ఫైళ్ళతో పాటు రంగురంగుల బొమ్మలున్న రిపోర్టు ఒకటి వస్తుంది. ఆ బొమ్మల్నే థీసిస్‌లో పెట్టేయమంటారా మేడమ్ అని అడుగుతారు. వద్దంటాను. ఆ బొమ్మ రాకముందే ఎవరో కొన్ని నిర్ణయాలు తీసేసుకున్నారు. రీడ్‌ను, అంటే సీక్వెన్సర్ చదివిన డీఎన్‌ఏ ముక్కను, ఎక్కడ కోయాలి, ఏ డేటాబేస్‌తో పోల్చాలి, ఏ శాంపిల్‌ను వదిలేయాలి అన్నవి వాళ్ళే తేల్చేశారు. చేలోకి దిగి మట్టి తీసింది మీరు, కాబట్టి ఆ నిర్ణయాలు కూడా మీవే కావాలి. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితం. కోడ్ కూడా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఒకే ఉదాహరణ పట్టుకుని చెబుతాను. ప్రత్తిపాడు, మేడికొండూరు, తాడికొండ మండలాల్లోని నల్లరేగడి మిరప చేలు తీసుకుందాం. కొందరు రైతులు ద్రవ జీవామృతం పారిస్తున్నారు, పక్క చేల వాళ్ళు యూరియా, డీఏపీ వేస్తున్నారు. వేరు చుట్టూ ఉన్న మట్టిలో బ్యాక్టీరియా సమూహాలు ఈ రెండు రకాల చేలలో వేరుగా ఉన్నాయా? ఇదీ ప్రశ్న.

ఏ బ్యాక్టీరియా ఏదో గుర్తుపట్టడానికి చదివించేది వాటన్నిటిలోనూ ఉండే 16ఎస్ జీన్. అది సుమారు 1500 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవు ఉంటుంది. అందులో జాతిని బట్టి మారే భాగాలు 9, వాటినే వీ1 నుంచి వీ9 అంటారు. మన దగ్గర ఎక్కువమంది చేయించేది వీ3–వీ4. అది చదివితే బ్యాక్టీరియా జీనస్ వరకు ధైర్యంగా చెప్పొచ్చు, స్పీషీస్ పేరు మాత్రం చాలాసార్లు చెప్పలేం. ఇంకో మాట ముందే చెప్పాలి. ఎండు తెగులు సోకిన మొక్కల దగ్గర మట్టి తెచ్చి, 16ఎస్ చేయించి, ఫ్యుజేరియం కనబడలేదని బాధపడేవాళ్ళున్నారు. ఫ్యుజేరియం శిలీంధ్రం. 16ఎస్‌లో అది కనబడదు. దానికి శిలీంధ్రాల ఐటీఎస్ భాగాన్ని పట్టే ప్రైమర్లతో (చదవాల్సిన భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) వేరే సీక్వెన్సింగ్ చేయించాలి, శిలీంధ్రాల కోసం ఉన్న యునైట్ డేటాబేస్ వాడాలి. ట్రైకోడెర్మా చల్లిన చేను గురించి అడిగేవాళ్ళకూ ఇదే సమాధానం. డబ్బు కట్టకముందే ఈ సంగతి తేల్చుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్

ఈ పనికి పాత, గట్టి సాఫ్ట్‌వేర్ మాథర్. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ ష్లాస్ బృందం దాన్ని నడిపిస్తోంది, 2009లో వచ్చింది. 2010లో చైమ్ వచ్చింది. దాన్ని పూర్తిగా తిరగరాసి చైమ్ 2 చేశారు, దాని పేపర్ 2019లో వచ్చింది. వెతికేటప్పుడు క్యూ, ఐ, ఐ, ఎమ్, ఈ అక్షరాలతో వెతకండి. పాత చైమ్‌కు 2018 నుంచి సపోర్టు లేదు. దాని కమాండ్లున్న పాత నోట్సు సీనియర్ల దగ్గర ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అవి పక్కన పెట్టేయండి. ఆర్ భాషలో పనిచేసే డాడా2 2016లో వచ్చింది. సీక్వెన్సర్ చేసే పొరపాట్లను లెక్కగట్టి, ఒక్క బేస్ తేడా ఉన్న సీక్వెన్స్‌లను కూడా వేరుచేసి చూపిస్తుంది. అలా తేలిన వాటిని ఏఎస్‌వీలు అంటారు. 97 శాతం పోలిక చూసి ఓటీయూలుగా కుప్పలు పెట్టే పాత పద్ధతి కన్నా ఇది నయం. ఒక ఏఎస్‌వీ ఎక్కడైనా అదే ఏఎస్‌వీ కాబట్టి, ఒకే ప్రైమర్లతో చేసిన ఇంకొకరి డేటాతో పోల్చుకోవచ్చు.

ఆర్ బాగా వచ్చినవాళ్ళు నేరుగా డాడా2, తర్వాత విశ్లేషణకు ఫైలోసెక్ అనే ఆర్ ప్యాకేజీ వాడుకోవచ్చు. కొత్తవాళ్ళకు నేను చైమ్ 2 చెబుతాను. డాడా2 దాని లోపలే ప్లగిన్‌గా ఉంటుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. చైమ్ 2 తయారుచేసే ప్రతి ఫైలూ తన చరిత్రను తనలోనే దాచుకుంటుంది. ఏ వెర్షన్, ఏ కమాండ్, ఏ సంఖ్య ఇచ్చారు అన్నదంతా ఆ క్యూజెడ్ఏ, క్యూజెడ్‌వీ ఫైళ్ళ లోపలే ఉంటుంది. గైడు ఆరు నెలల తర్వాత అడిగినా చూపించగలరు. ఈ ఒక్క గుణం కోసమే మా పిల్లలందరి చేతా దీనితోనే పని చేయిస్తాను.

కంప్యూటర్ సిద్ధం చేసుకోవడం

16 జీబీ ర్యామ్ ఉంటే హాయి. 8 జీబీతో కూడా చాలా పని అవుతుంది, బ్యాక్టీరియాకు పేర్లు పెట్టే దశలో మాత్రం ఇబ్బంది పడతారు. విండోస్ ఉన్నవాళ్ళు, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుని అందులో ఉబుంటు వేసుకోండి. డేటాను విండోస్ డ్రైవులో కాకుండా ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే వేగంగా నడుస్తుంది. చైమ్ 2ను కోండా అనే ఇన్‌స్టాలర్‌తో, దానికంటూ ఒక ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేయండి. మనకు కావాల్సింది 16ఎస్ లాంటి ఒకే జీన్ ముక్కల డేటాకు ఉద్దేశించిన యాంప్లికాన్ డిస్ట్రిబ్యూషన్. ఎన్విరాన్‌మెంట్ పేరులో వెర్షన్ నంబరు కూడా ఉంచండి. ఆ ఎన్విరాన్‌మెంట్‌లోకి ఇంకే ప్యాకేజీలూ చేర్చొద్దు. థీసిస్ అయ్యేదాకా వెర్షన్ మార్చొద్దు.

మే నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ మీదే చేయండి. టెర్మినల్ విండో పొరపాటున మూసినా పని ఆగకుండా టీమక్స్ వాడండి. డాడా2 సగంలో ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. సొంత కంప్యూటర్ చాలదనుకుంటే గెలాక్సీ ఉంది. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి నడిచే యూరోపియన్ సర్వర్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, బ్రౌజర్‌లోనే చైమ్ 2 పనులు చేసుకోవచ్చు.

సొంత డేటా ముట్టుకునే ముందు చైమ్ 2 వాళ్ళిచ్చే అటకామా ఎడారి మట్టి పాఠం ఒకసారి పూర్తిగా చేయండి. చిన్న డేటా, అదీ మట్టే, మనలాగే రెండువైపుల నుంచీ (ఫార్వర్డ్, రివర్స్) చదివిన పెయిర్డ్ రీడ్లే. చేయి తిరుగుతుంది.

మెటాడేటా: ఇక్కడ తొందరపడొద్దు

శాంపిల్ వివరాల పట్టికే మెటాడేటా. ట్యాబ్‌లతో విడదీసిన టీఎస్‌వీ ఫైలుగా ఉండాలి, మొదటి కాలమ్‌లో శాంపిల్ ఐడీ. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ మీ అధ్యయనం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

ఒకరు పత్తిపాడు అని, ఇంకొకరు ప్రత్తిపాడు అని రాస్తే సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు ఊళ్ళు. పేరు చివర కనబడని ఖాళీ ఒకటి మిగిలినా అంతే. చేలకు 1, 2, 3 అని నంబర్లు వేస్తే వాటిని కొలతలనుకుంటుంది, అప్పుడు గుంపుల పోలికకు ఆ కాలమ్‌ను ఒప్పుకోదు. "చేను1", "చేను2" అని రాయండి. పట్టికను గూగుల్ షీట్స్‌లో రాసుకుంటే కీమై అనే యాడ్-ఆన్ ఈ తప్పులు చాలావరకు పట్టి చూపిస్తుంది.

రైతును అడిగి రాయాల్సినవి చాలా ఉంటాయి. ముందు పంట పత్తా, మినుమా? చివరి తడి ఎప్పుడు ఇచ్చారు? పశువుల ఎరువు తోలారా? మట్టి తీసిన వారంలో ఏమైనా పిచికారీ చేశారా? రకం ఏమిటి, తేజానా, 334నా? ఎంత లోతు మట్టి తీశారు, మొక్క వయసెంత? ఇవేవీ రాయకుండా "జీవామృతం, రసాయనం" అని రెండే మాటలు రాస్తే, తర్వాత కనబడిన తేడా జీవామృతం వల్ల వచ్చిందో, నిన్నటి తడి వల్ల వచ్చిందో చెప్పడానికి దారి ఉండదు. చేలో ఉండగానే అడగండి. నెల తర్వాత ఫోన్ చేసి అడిగితే రైతుకు కూడా గుర్తుండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చేల సంఖ్య. ఒక జీవామృతం చేను నుంచి 12 శాంపిళ్ళు, ఒక మామూలు చేను నుంచి 12 తెచ్చి, 24 శాంపిళ్ళు ఉన్నాయి కదా అనుకోవద్దు. పోల్చుతున్నది రెండే చేలను. ఆ రెండు చేలు ఎరువు లేకపోయినా వేరుగానే ఉండొచ్చు. ఆరు జీవామృతం చేలు, ఆరు మామూలు చేలు, ఒక్కో చేలో రెండేసి శాంపిళ్ళు తీస్తే ఖర్చు అంతే, బలం మాత్రం ఎన్నో రెట్లు. ప్రతి ఊళ్ళో రెండు రకాల చేలూ ఉండేలా ఎంచుకోండి. డీఎన్‌ఏ తీసేటప్పుడు మట్టి వేయని ఖాళీ గొట్టం ఒకదాన్ని కూడా అదే కిట్‌తో చివరిదాకా నడిపి సీక్వెన్సింగుకు పంపండి. కిట్‌లోంచి వచ్చే బ్యాక్టీరియా ఏదో అది చెబుతుంది. తర్వాత అలాంటి కల్తీని పట్టి చూపే డీకంటామ్ అనే ఆర్ ప్యాకేజీకి కూడా అదే కావాలి.

రీడ్లు కోయడం

సీక్వెన్సర్ ఇచ్చిన రీడ్లుండే ఫాస్ట్‌క్యూ ఫైళ్ళను లోపలికి తీసుకోవడానికి మ్యానిఫెస్ట్ అనే ఇంకో చిన్న పట్టిక రాయాలి. శాంపిల్ ఐడీ, ఫార్వర్డ్ ఫైలు పూర్తి దారి, రివర్స్ ఫైలు పూర్తి దారి, అంతే. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు లేకుండా చూసుకోండి. ఇంపోర్ట్ అయ్యాక రీడ్ల సంఖ్య, నాణ్యత చూపించే డీమక్స్ సమ్మరీ చేసి, క్యూజెడ్‌వీ ఫైలును చైమ్ 2 వ్యూ సైటులో తెరవండి. మీ ఫైలు ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, మీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

ముందు ప్రైమర్లు తీసేయాలి. వీ3–వీ4కు ఎక్కువగా వాడే జంట 341ఎఫ్, 805ఆర్. మొదటిది 17 బేస్‌లు, రెండోది 21. కట్అడాప్ట్ ప్లగిన్‌కు ఆ సీక్వెన్స్‌లు ఇచ్చి, ప్రైమర్ దొరకని రీడ్లను వదిలేయమనండి. దాదాపు రీడ్లన్నీ నిలబడితే మీకు వచ్చింది ముడి డేటానే. దాదాపు అన్నీ పోతే సీక్వెన్సింగ్ చేసినవాళ్ళు ప్రైమర్లు ముందే తీసేశారన్నమాట, లేదా వాడిన ప్రైమర్లు వేరేవి. "క్లీన్ డేటా" అని ఇచ్చేదాంట్లో తరచూ ఇలా జరుగుతుంది. కొన్నిసార్లు రెండు రీడ్లను కలిపేసి కూడా ఇస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్ళు కావాలని, ప్రైమర్ల సీక్వెన్స్ రాసివ్వమని మెయిల్‌లో అడగండి.

తర్వాత డాడా2. ఇక్కడ రెండు సంఖ్యలు మీరే చెప్పాలి: ఫార్వర్డ్ రీడ్‌ను ఎక్కడ కోయాలి, రివర్స్‌ను ఎక్కడ కోయాలి. ఏదో పేపర్‌లో ఉన్న సంఖ్యలు ఎత్తి రాయొద్దు. ఈ లెక్క వేలితో చేసేంత తేలిక.

341 నుంచి 805 వరకు, ప్రైమర్లతో కలిపి 465 బేస్‌లు. రెండు రీడ్లూ మధ్యలో ఒకదాని మీద ఒకటి కొంత పడాలి, లేకపోతే అతకవు. డాడా2కు కనీసం 12 బేస్‌లు కలవాలి. బ్యాక్టీరియాను బట్టి ఈ భాగం పొడవు కొంచెం మారుతుంది కాబట్టి 30 దాకా ఉంచుకోవడం మంచిది. ప్రైమర్లతో సహా చూస్తే ఫార్వర్డ్ 280, రివర్స్ 220 అనుకోండి. మొత్తం 500. అందులోంచి 465 తీస్తే 35 బేస్‌లు కలుస్తాయి, సరిపోతుంది. కట్అడాప్ట్‌తో ప్రైమర్లు ముందే తీసేశారు కనుక, డాడా2కు ఇచ్చేటప్పుడు ఆ 17, 21 తగ్గించి 263, 199 అని ఇవ్వాలి.

ఇప్పుడు నాణ్యత బొమ్మ చూడండి. క్యూ30 అంటే వెయ్యిలో ఒక బేస్ తప్పు, క్యూ20 అంటే వందలో ఒకటి. రివర్స్ రీడ్ చివరికొచ్చేసరికి నాణ్యత పడిపోవడం మామూలే. ఎక్కువ కోస్తే అతకవు, తక్కువ కోస్తే తప్పులున్న రీడ్లు ఫిల్టర్‌లో పోతాయి. ఈ రెండింటి మధ్యా చోటు ఉండాలంటే 300 చొప్పున రెండువైపులా చదివించాలి. 250 చొప్పున చదివిస్తే మొత్తమే 500, అంటే ఏమీ కోయకుండానే 35 మిగులుతుంది. రివర్స్ రీడ్ చివర్లో చెడితే కోయడానికి చోటే ఉండదు. అలాంటప్పుడు ఫార్వర్డ్ రీడ్లు మాత్రమే వాడి పని పూర్తిచేయడం నాకు సబబుగా కనిపిస్తుంది.

డాడా2 అయ్యాక వచ్చే లెక్కల పట్టికను శ్రద్ధగా చదవండి. ఫిల్టర్ దగ్గర రీడ్లు బాగా పోతే మీరు పొడవుగా ఉంచేశారు, ఇంకాస్త కోయాలి. అతికే దగ్గర పోతే ఎక్కువ కోసేశారు. ఖైమీరా (రెండు వేర్వేరు ముక్కలు అతుక్కుని పుట్టిన నకిలీ సీక్వెన్స్) దగ్గర పోతే ప్రైమర్లు ఇంకా మిగిలే ఉన్నాయేమో వెనక్కి వెళ్ళి చూడాలి. ఈ మూడు కాలమ్‌లు చదవడం వస్తే డాడా2 వచ్చినట్టే. నోవాసెక్ అనే సీక్వెన్సర్ మీద చదివించిన డేటా అయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. అది నాణ్యతకు నాలుగు విలువలే ఇస్తుంది కాబట్టి డాడా2 నేర్చుకునే ఎర్రర్ మోడల్ అంత నున్నగా రాదు. శాంపిళ్ళు రెండు రన్‌లలో చదివించి ఉంటే ఒక్కో రన్‌ను విడిగా, అవే సంఖ్యలతో నడిపి, తర్వాత పట్టికలు కలపండి.

పేర్లు పెట్టడం

ఏఎస్‌వీలకు పేర్లు పెట్టడానికి, పేర్లు తెలిసిన 16ఎస్ సీక్వెన్స్‌లుండే సిల్వా డేటాబేస్ మీద ముందే తయారుచేసిన క్లాసిఫయర్ ఫైలు దొరుకుతుంది. మీ చైమ్ 2 వెర్షన్‌కు ఇచ్చినదే దించుకోండి. లోపల వాడే సైకిట్‌లెర్న్ అనే లైబ్రరీ వెర్షన్ కలవకపోతే మొరాయిస్తుంది. 8 జీబీ ర్యామ్ వాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. ఒకే కోర్ మీద నడిపి, ఒక్కో విడతకు ఇచ్చే రీడ్ల సంఖ్య తగ్గించండి. డిస్కులో చోటున్నా చోటు లేదంటుంటే, టెంపరరీ ఫోల్డర్‌ను ఖాళీ ఉన్న చోటికి మార్చండి. ఏదీ కుదరకపోతే ఈ ఒక్క మెట్టు గెలాక్సీలో చేయండి.

వేరు దగ్గరి మట్టి కాబట్టి మిరప మొక్క సొంత క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా రీడ్లు కూడా వస్తాయి. 16ఎస్ ప్రైమర్లు వాటినీ పట్టుకుంటాయి. వాటిని తప్పక తీసేయండి. ఫైలం (బ్యాక్టీరియా పెద్ద విభాగాల) పేర్లు 2021లో మారాయి. ప్రోటియోబ్యాక్టీరియా ఇప్పుడు సూడోమొనాడోటా, ఫర్మిక్యూట్స్ ఇప్పుడు బాసిల్లోటా. మీ డేటాబేస్ ఏ పేరు ఇస్తే థీసిస్ అంతా అదే వాడండి.

పోల్చడం

చైమ్ 2లో కోర్ మెట్రిక్స్ ఫైలోజెనెటిక్ అనే ఒక్క కమాండ్, ఒక్కో శాంపిల్‌లోని వైవిధ్యం చెప్పే షానన్, ఫెయిత్ పీడీ, శాంపిళ్ళ మధ్య తేడా చెప్పే బ్రే కర్టిస్, యూనిఫ్రాక్ అన్నీ ఇచ్చేస్తుంది. అది అడిగేది ఒకే సంఖ్య, శాంప్లింగ్ డెప్త్. అన్ని శాంపిళ్ళ నుంచీ అన్నే రీడ్లు లాటరీగా తీస్తుంది, అంతకన్నా తక్కువ ఉన్నవి రాలిపోతాయి. రీడ్లు పెరిగేకొద్దీ వైవిధ్యం ఎంత పెరుగుతుందో చూపే రేర్‌ఫాక్షన్ గీతలు ఎక్కడ చదునవుతున్నాయో చూసి, శాంపిళ్ళు ఎక్కువ పోని చోట పెట్టుకోండి. ఇలా రీడ్లు సమానం చేసే పద్ధతి తగదని మెక్‌మర్డీ, హోమ్స్ అనే పరిశోధకులు 2014లో గట్టిగా రాశారు. ష్లాస్ దాన్ని సమర్థిస్తూ రాశారు. వైవిధ్యం కొలవడానికి వాడొచ్చనే నేను అనుకుంటాను, ఏ జీనస్ పెరిగింది అని చూడటానికి మాత్రం వద్దు.

గుంపుల తేడాకు పర్మనోవా అనే పరీక్ష చేస్తారు. దానితో పాటు, గుంపులు ఎంత చెదిరి ఉన్నాయో చూసే పర్మ్‌డిస్ప్ కూడా చేయండి. ఒక గుంపు చెల్లాచెదురుగా ఉండి ఇంకొకటి దగ్గరగా ఉన్నా పర్మనోవా తేడా ఉందనే చెప్పొచ్చు. ఊరు, రకం, ఎరువు కలిపి చూడాలంటే అడోనిస్ అనే కమాండ్ ఉంది. ముందు ఊరు పెట్టి, తర్వాత ఎరువు పెట్టండి. మన చేలలో ఊరి ప్రభావమే పెద్దదిగా తేలితే దాచకుండా అలాగే రాయండి, అది కూడా ఫలితమే.

శాతాలతో జాగ్రత్త. మిర్చి యార్డు గేటులోంచి రోజూ సరిగ్గా అన్నే టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి పంపుతారనుకోండి. తేజా టిక్కీలు ఎక్కువొచ్చిన రోజు 334 టిక్కీలు తగ్గినట్టు కనబడతాయి. పొలాల్లో 334 దిగుబడి ఏమీ తగ్గలేదు. సీక్వెన్సర్ కూడా అలాంటి గేటే. "బాసిల్లస్ రెట్టింపు అయింది" అని రాయొద్దు, "బాసిల్లస్ వాటా పెరిగింది" అని రాయండి. ఏ జీనస్‌లు నిజంగా మారాయో తేల్చడానికి టీ టెస్టు కాకుండా, ఈ ఇబ్బందిని లెక్కలోకి తీసుకునే ఆన్‌కామ్ బీసీ వాడండి. 16ఎస్ చూసి మిగతా జీన్లను అంచనా వేసే పిక్రస్ట్2తో నత్రజని స్థిరీకరణ జీన్లు ఉన్నాయని బొమ్మ గీస్తే, అది ఊహించిన సంఖ్య అని పక్కనే రాయండి.

చివరికి ముడి ఫైళ్ళను అమెరికాలోని ఎన్‌సీబీఐ నడిపే బహిరంగ సీక్వెన్స్ భాండాగారం ఎస్ఆర్ఏలోనో, ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లోనో జమచేయండి. క్యూజెడ్ఏ ఫైళ్ళు, మెటాడేటా, వాడిన కమాండ్లు ఒకే ఫోల్డర్‌లో రెండు చోట్ల దాచండి. జమచేసే మెటాడేటాలో మండలం, మట్టి రకం, లోతు, తేదీ, ముందు పంట ఉండాలి. రైతు పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు మాత్రం మీ నోట్‌బుక్కులోనే ఉంచండి.